ప్రామ్ నిలిచిన చోటు

ఆ చలికాలం మా సైమికి ఇంజన్ చప్పుడు లేనిదే నిద్ర పట్టేది కాదు.

అక్టోబరుకి దానికి నాలుగో నెల నిండింది. మా వైపు పసిపిల్లల్ని పగలు ఆరుబయటే పడుకోబెడతారు. ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్ళు, మెడ దాకా మెత్తటి సంచి, ప్రామ్ అనే తోపుడుబండి మూతి మీద పల్చటి తెల్లగుడ్డ. చలిగాలికి పిల్లలు ఒళ్ళెరక్కుండా నిద్రపోతారు. నేనూ అలాగే పెరిగాను, మా ఆయన ఇల్కా కూడా అలాగే పెరిగాడు. సైమి మాత్రం ఎంతసేపటికీ కన్ను మూసేది కాదు. ప్రామ్‌ని ముందుకీ వెనక్కీ తోసి తోసి నా చేతులు పడిపోయేవి.

ఇల్కా బడిపిల్లల టాక్సీ నడిపేవాడు. అడవిలో అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు ఉండే ఊరు మాది. పొద్దున్నే పిల్లల్ని ఇంటింటా ఎక్కించుకుని బడి దగ్గర దించడం, మధ్యాహ్నం మళ్ళీ ఇళ్ళకి చేర్చడం అతని పని. ఒకరోజు పొద్దుటి ట్రిప్పు ముగించుకొచ్చి, ఫోను మోగుతుంటే ఇంజన్ ఆపకుండానే లోపలికొచ్చాడు. ఇంకా ఫోను పెట్టనేలేదు, బయట ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇద్దరం బయటికి పరిగెత్తాం. సైమి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"డీజిల్ పిల్ల," అన్నాడు ఇల్కా. పెళ్ళిలో కూడా అతని మొహంలో అంత గర్వం చూడలేదు నేను.

అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. ప్రామ్‌ని గ్యారేజీ గోడకీ కట్టెల కొట్టానికీ మధ్య మూలలో పెట్టేవాళ్ళం. అక్కడికి గాలి రాదు. చలికి బిగుసుకోకుండా రాత్రిళ్ళు ఇంజన్ వేడిచేసే కరెంటు స్తంభం పెరటికి అటు చివర ఉండటంతో వ్యాన్ ముక్కు స్తంభం వైపు, తోక మా మూల వైపు ఉండేది. ట్రిప్పు నుంచి రాగానే ఇల్కా ఇంజన్ అలా నడుస్తూ ఉండగానే దిగి, ప్రామ్‌లోకి తొంగిచూసి, నాకు బొటనవేలు పైకెత్తి చూపించి లోపలికొచ్చేవాడు. ఇద్దరం కాఫీ తాగేవాళ్ళం. బయట వ్యాన్ గురగురలాడుతూనే ఉండేది. నిలబెట్టి అలా ఇంజన్ నడపడం చట్టానికి విరుద్ధం, కానీ మా పెరట్లోకి తొంగిచూసేదెవరు? ఆ కాఫీల రోజులే మా కాపురంలో అన్నిటికంటే సుఖమైన రోజులని ఇప్పుడనిపిస్తుంది.

నవంబరులో వ్యాన్ డాష్‌బోర్డు మీద పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. ఇల్కా కనపడకుండా దాని మీద స్టిక్కరు అంటించాడు.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున, చెరువు ఒడ్డు దారిలో ఎత్తు ఎక్కుతూ వ్యాన్ బలం పోగొట్టుకుంది. ఎంత తొక్కినా నడక వేగం దాటలేదు, తర్వాత అదీ లేదు. లోపల నలుగురు పిల్లలు. బయట ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. ఇల్కా వాళ్ళ నాన్న తౌనోకి ఫోన్ చేశాడు. తౌనో తన కారులో వచ్చి పిల్లల్ని ఎక్కించుకునేసరికి హెల్మి అనే చిన్నపిల్ల వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. చేతి తొడుగు ఎక్కడో పారేసుకుందట. వేళ్ళకేం కాలేదు. కానీ ఆ సాయంత్రం హెల్మి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఇల్కా అంతా విని, "అవును" అని పెట్టేశాడు.

"ఏమంది?" అన్నాను.

"ఇంకోసారి ఇలా అయితే పంచాయతీకి చెప్పి వేరే టాక్సీ పెట్టిస్తుందట."

"తప్పేం ఉంది, తల్లి కదా."

"తప్పని నేనన్నానా?"

పొగగొట్టంలో ఉండే మసి ఫిల్టరు నిండిపోవడమే దీనికంతటికీ కారణం. కొత్తది వేయించాలంటే మా వల్ల అయ్యేది కాదు. తాళం తిప్పినప్పుడల్లా ఈసారి ఎక్కడ ఆగుతుందోనని భయం. కిమ్మో అని మా ఊరి మెకానిక్ ఒకడున్నాడు. ఫిల్టరు డబ్బా విప్పి, లోపలిదంతా గుల్ల చేసి, ఖాళీ డబ్బా మళ్ళీ బిగించేస్తాడు. పైకి ఏమీ తెలియదు. ఫిల్టరు ఉన్నట్టే నమ్మేలా బండి కంప్యూటరుకి అబద్ధం కూడా నేర్పిస్తాడు. ఊళ్ళో సగం డీజిళ్ళు అతని చేతి మీదుగా వెళ్ళినవే.

ఆ మాట క్రిస్మస్ భోజనం దగ్గర బయటికొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది, ఎందుకంటే మా మామగారు తౌనో ప్రభుత్వం తరఫున బండ్లు తనిఖీ చేసే మనిషి. తనిఖీ కేంద్రంలో అదే ఆయన ఆఖరి చలికాలం, వేసవికి రిటైర్మెంటు. సైమి పుట్టాక మేమందరం ఆయన్ని తాతయ్య అనే పిలుస్తున్నాం, ఇల్కా మాత్రం కోపం వస్తే నాన్నా అంటాడు.

"కిమ్మో దగ్గరికి వెళ్తున్నావట," అన్నాడు తౌనో, పంది మాంసం కోస్తూ తలెత్తకుండా.

"ఎవరు చెప్పారు?"

"కిమ్మోనే. నా దగ్గర వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"అయితే విను నాన్నా. నా బండి రోజూ నలుగురు పిల్లల్ని మోస్తుంది. దారిలో ఆగకూడదు. అంతే."

"ఫిల్టరు తీసేస్తే ఆగదా?"

"ఆగదు. ఇంతవరకు కిమ్మో చేసిన ఏ బండీ ఆగలేదు."

"ఆ మాట నిజమే," అన్నాడు తౌనో. ఆయనతో వచ్చిన చిక్కే అది, ఎదుటివాడి మాటలో నిజం ఉంటే ఒప్పేసుకుంటాడు. తర్వాతే కొడతాడు. "కానీ నీ ఫిల్టరుని చంపింది చలి కాదురా. నిలబెట్టి నడపడం. అది బాగా వేడెక్కితే లోపలి మసి కాలిపోతుంది. నువ్వు చేసేవన్నీ చిన్న చిన్న ట్రిప్పులు. అవి చాలవన్నట్టు పొద్దున్నే పెరట్లో గంటసేపు గురగురలాడిస్తావు. ఎక్కడ వేడెక్కుతుంది? నిండక ఏం చేస్తుంది?"

"పిల్ల నిద్రపోవద్దా?"

"పాడు."

"నాకు పాటలు రావు. నువ్వేమన్నా నేర్పావా?"

తౌనో కత్తి పక్కన పెట్టాడు. "లేదు," అన్నాడు.

ఇల్కా ఊపందుకున్నాడు. "ఈ ఫిల్టర్లు కనిపెట్టినవాళ్ళు ఎక్కడుంటారు? వెచ్చటి దేశాల్లో. ఎనిమిది వరసల రోడ్ల మీద రోజంతా దూసుకుపోతారు, వాళ్ళ మసి వాళ్ళకి కాలిపోతుంది. ఇక్కడికి ఒకసారి వచ్చి హెల్మి వేళ్ళు పట్టుకుని చూడమను. మన ఊళ్ళో ప్రతి పొయ్యిలోంచీ పొగ రావట్లేదా? నీ ఇంట్లోంచి రావట్లేదా?"

"వస్తోంది. ఆ పొగ కప్పు మీది నుంచి పోతుంది. నీది మోకాలెత్తులో వస్తుంది."

"మోకాళ్ళకి దగ్గు రాదులే నాన్నా."

నాకు నవ్వొచ్చింది. తౌనోకి కూడా వచ్చినట్టుంది, ఆపుకున్నాడు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు, నేనేదో తీర్పు చెప్పాలన్నట్టు. నాకైతే ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. వ్యాన్ ఆగకూడదు, పిల్ల నిద్రపోవాలి. అంతకు మించి ఆలోచించే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు. ఇంకొంచెం దుంపల కూర వడ్డించాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ తౌనో కొడుకుతో మెల్లగా అన్నాడు. "మార్చిలో నీ బండి తనిఖీకి వస్తుంది. నా లైన్లోకి మాత్రం తీసుకురాకు. పట్నంలో ఇంకో కేంద్రం ఉంది. అక్కడి కుర్రాళ్ళు నడుం వంచి పొగగొట్టం చూడరు."

ఉద్యోగంలో ఆయన ఇలాంటి దొడ్డిదారి ఎవరికీ చూపించి ఉండడు. ఇల్కా తలూపాడు.

పండగ వెళ్ళిన వారంలో కిమ్మో పని కానిచ్చేశాడు. వ్యాన్ కొత్త గుర్రంలా తయారైంది. చప్పుడు కూడా కాస్త బొంగురుగా, లోతుగా మారింది. సైమికి అది ఇంకా నచ్చింది. ఇల్కా ఇంజన్ నడుస్తుండగానే దిగి, తొంగిచూసి, బొటనవేలు చూపించేవాడు. మేం కాఫీ తాగేవాళ్ళం.

ఆ జనవరిలో మంచు కురవలేదు. పాత మంచు గట్టిపడి నేలంతా పరుచుకుని ఉంది. చలి మరీ ముదరకుండా, పిల్లల్ని బయట పడుకోబెట్టే హద్దులోనే రోజూ ఉంటూ వచ్చింది. చెట్టు మీద కొమ్మ కదిలేది కాదు. ఎంత మంచి వాతావరణమో అని క్లినిక్‌లో నర్సుతో అన్నాను కూడా. ప్రామ్‌ని రోజూ లోపలికీ బయటికీ మోయడమెందుకని అక్కడే వదిలేసి, సైమిని మాత్రం సంచితో సహా తెచ్చుకునేదాన్ని.

ప్రామ్ మీది తెల్లగుడ్డ మాసిపోయేది. ఉతికి ఆరేసేదాన్ని, మళ్ళీ బూడిదరంగుకి తిరిగేది. కట్టెపొయ్యి మసి అనుకున్నాను. పక్కింటివాళ్ళు తడికట్టెలు కాలుస్తున్నారని ఇల్కాతో అన్నాను.

"చెప్పమంటావా వాళ్ళకి?"

"వద్దులే, ఇరుగుపొరుగు," అన్నాను.

ఫిబ్రవరి రెండోవారంలో సైమికి జలుబు చేసింది. మూడోరోజుకి దాని పక్కటెముకల మధ్య చర్మం ఊపిరి ఊపిరికీ లోపలికి పీక్కుపోవడం మొదలైంది. గొంతులో పిల్లికూతలు. పాలు తాగలేక వదిలేస్తోంది. పెదాల చుట్టూ రంగు మారింది. ఇల్కా బడిపిల్లల్ని దించి వస్తూనే మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పట్నం ఆసుపత్రి దాకా వ్యాన్ ఎక్కడా ఆగలేదు. ఎత్తు మీద కూడా దూసుకుపోయింది. అది నాకు బాగా గుర్తు.

ఆసుపత్రిలో సైమి ముక్కులో గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. అంత చిన్న మొహానికి గొట్టం నిలబడేలా బుగ్గల మీద ఎలుగుబంటి బొమ్మలున్న ప్లాస్టర్లు అంటించారు. నేను ఆ ఎలుగుబంట్లనే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. నా లోపల ఎవరో దీపాలార్పి వెళ్ళిపోయినట్టుంది. నర్సు తినమంటే తిన్నాను, కదలమంటే కదిలాను.

డాక్టరు వయసులో నాకంటే చిన్నది. వైరస్ అని చెప్పింది. ఈ చలికాలం వార్డంతా ఇవే కేసులట. కొందరు పిల్లలకి జలుబుతో పోతుంది, కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?"

"లేదు," అన్నాను.

"బయట, వరండాలో గానీ?"

"ఎవరూ తాగరు."

ఆమె అది కంప్యూటర్లో కొట్టుకుంది. నేను చెప్పింది నిజమే. ఇల్కా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అతని మెడ వెనక భాగం నెమ్మదిగా ఎర్రబడటం చూశాను. నాకు అప్పుడు అర్థమైంది, అతనికి నాకంటే ముందే అర్థమైంది. రోజూ మాసిపోయే ఆ తెల్లగుడ్డ నా కళ్ళ ముందు మెదిలింది. నాకు అతని మీద కోపం రావాల్సింది. ఎదురుచూశాను. రాలేదు.

సైమి ఆక్సిజన్ మీద ఉన్నన్ని రోజులూ తౌనో మా ఇంట్లోనే ఉండి పొయ్యి వెలిగించి, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా చూసుకున్నాడు. మేం ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందురోజు రాత్రి ఎట్టకేలకు కొత్త మంచు కాస్త రాలింది. ముక్కులో గొట్టాలు తీసేశాక, పెదాలకి రంగొచ్చాక, సైమిని తీసుకుని ఇంటికొచ్చాం.

పెరడంతా శుభ్రంగా ఉంది. మంచు తీయడంలో మా మామగారిని మించినవాడు ఊళ్ళో లేడు. గీత గీసినట్టు అంచులు కోసి, నేల కనపడేదాకా గోకి, మంచంతా కట్టెల కొట్టం వెనక గుట్టపోస్తాడు. ప్రామ్ వరండాలో ఉంది. దాని గుడ్డ తీసేసి ఉంది.

గ్యారేజీ గోడకీ కొట్టానికీ మధ్య మూల మాత్రం ఆయన ముట్టుకోలేదు. అక్కడికి పైకప్పు అడ్డం కాబట్టి కొత్త మంచు పడలేదు. ఎప్పుడో కప్పు మీంచి జారిపడిన పాత మంచు అలాగే ఉంది, బూడిదలో నల్లమిరియాలు చల్లినట్టు. మధ్యలో మాత్రం ప్రామ్ అంత మేర నలుచదరంగా తెల్లగా ఉంది. నాలుగు మూలలా చక్రాలు దిగిన గుంటలు. మసి ఆ చోట నేల మీద పడలేదు.

తౌనో గుమ్మంలో పార ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

ఇల్కా అక్కడే ఆగిపోయాడు. చేతిలో సైమి బట్టల సంచి. ఎంతసేపు చూశాడో తెలియదు, నా కాలివేళ్ళు మొద్దుబారాయి. తర్వాత అన్నాడు, "తాతయ్యా, కాఫీ ఉందా?"

"పెట్టాను," అన్నాడు తౌనో.

ముగ్గురం తాగాం. కాఫీ అయ్యాక ఇల్కా బయటికెళ్ళి ఆ మూలలోని మంచు తనే తీశాడు. మామూలుగా విసురుగా తీసే మనిషి, ఆ వేళ కొంచెం కొంచెంగా తీశాడు.

మార్చిలో తనిఖీ గడువు వచ్చింది. పట్నం కేంద్రానికి వెళ్ళడానికి ఇల్కాకి బోలెడంత టైముంది. అయినా పొద్దున్నే వాళ్ళ నాన్న కేంద్రానికే ఫోన్ చేసి టైము తీసుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. సైమిని ఒళ్ళో పెట్టుకుని అద్దాల గదిలో కూర్చున్నాను. వ్యాన్ తౌనో లైన్లోకి వెళ్ళింది.

ఆయన అన్నీ వరసగా చూశాడు. దీపాలు, బ్రేకులు, చక్రాలు. తర్వాత నడుం వంచి పొగగొట్టంలో వేలు పెట్టి తీశాడు. ఆ వేలు దీపం వెలుతురులో పెట్టి చూశాడు. అది నల్లగా ఉంటుందని ఆయనకి తెలుసు, ఇల్కాకి తెలుసు, అద్దం వెనక ఉన్న నాకూ తెలుసు. అయినా చాలాసేపు చూశాడు. అద్దం పక్కన తలుపు తెరిచే ఉంది, వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"ఇక్కడికి రావద్దన్నానుగా," అన్నాడు.

"అన్నావు."

"ఫిల్టరు లేదని రాస్తే ఈ బండి రోడ్డెక్కదు. టాక్సీ పోతుంది."

"రాయి నాన్నా."

తౌనో రాశాడు. చేయి తుడుచుకోలేదు, ఆ నల్లటి వేలితోనే మీటలు నొక్కాడు. తర్వాత మా గదిలోకొచ్చి, మిషన్‌లోంచి కాఫీ తీసి కొడుకు చేతిలో పెట్టాడు. దాల్చినచెక్క బన్ను ఒకటి కొని మధ్యకి తుంచి చెరిసగం చేశాడు. ఇద్దరూ గోడవైపు చూస్తూ నిలబడి తిన్నారు.

టాక్సీ పక్క ఊరి మనిషికి వెళ్ళింది. అతని వ్యాన్ కూడా కిమ్మో చేతి మీదుగా వెళ్ళిందేనని విన్నాను. ఇల్కా రంపపు మిల్లులో షిఫ్టులకి చేరాడు. చలిలో వేళ్ళు తెల్లబడింది నీ సైమికి కాదుగా అని ఊళ్ళో కొందరు వెక్కిరించారు, తండ్రి చేత కొడుకు బండి పీకించుకున్నాడని కొందరు నవ్వారు. వాదన మాత్రం ఆగలేదు. కిరాణా కొట్టులో, పెట్రోలు బంకులో అందరూ ఫిల్టర్ల గురించే మాట్లాడేవాళ్ళు, మేం లోపలికి వెళ్ళగానే చేపల గురించి మొదలుపెట్టేవాళ్ళు. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుకి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "దానివల్లే అని చెప్పలేను. దానివల్ల కాదనీ చెప్పలేను," అంది. ఏదో ఒకటి చెప్పి ఉంటే ఎవరినైనా తిట్టుకునేదాన్ని.

ఏప్రిల్ వచ్చింది. ఫిల్టరు లేని వ్యాన్ గ్యారేజీలో చప్పుడు లేకుండా పడుంది. సైమిని మళ్ళీ బయట పడుకోబెట్టొచ్చన్నారు. వరండాలో దక్షిణం వైపు పెట్టాను. నిద్రపోలేదు. చప్పుడు కోసం వెతికినట్టు తల అటూ ఇటూ తిప్పి, దొరక్క ఏడ్చింది. నేను పాడాను. పాటకి ఇంకా ఏడ్చింది.

మిల్లు నుంచి వచ్చిన ఇల్కా బట్టల నిండా రంపపు పొట్టుతోనే ప్రామ్ పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటారేమోనని. తర్వాత పెదాలు మూసుకుని గొంతులోంచి మెత్తగా, ఒకే తీరుగా అందుకున్నాడు: గుర్ర్... గుర్ర్... అచ్చం ఆ వ్యాన్ లాగే. కిమ్మో చేయి పడక ముందున్న వ్యాన్ లాగా. ఊపిరి అయిపోతే పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. సైమి కళ్ళు మూతలు పడ్డాయి. అది నిద్రపోయాక కూడా అతను ఆపలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికైనా ఆపలేదు. నేను వంటింట్లోంచి వింటూ నిలబడ్డాను. ఆ చలికాలం మొత్తంలో నాకు మొదటిసారి ఏదో అనిపించింది. అది ప్రేమో, జాలో, కోపమో తేల్చుకోలేకపోయాను.

మే నెలలో ఒక పొద్దున్న ముగ్గురం వంటింట్లో ఉన్నాం. సైమి నేల మీద చెంచాతో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి దాని ఛాతీలోంచి బొంగురుగా చప్పుడొచ్చింది.

ఇల్కా కాఫీ మిషన్ ఆపేశాడు. నేను కుళాయి కట్టేశాను. ఇద్దరం ఒకేసారి నేల మీద కూలబడ్డాం. నేను దాని చొక్కా ఎత్తి ఛాతీకి చెవి ఆనించాను. చర్మం లోపలికి పోతోందా అని ఇల్కా దాని పక్కటెముకలు చూస్తున్నాడు. మళ్ళీ వచ్చింది ఆ చప్పుడు. సైమి వాళ్ళ నాన్న మొహంలోకే చూస్తూ పెదాలు బిగించి ఉంది.

గుర్ర్... అంటోంది. మధ్యలో ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంటోంది.

"పాడుతోంది," అన్నాడు ఇల్కా.

"ఆగు," అన్నాను. ఛాతీ మీంచి చెవి తీయలేదు.